ఎక్కడానికీ దిగడానికీ ఒకే ఎంటీబీ: కొనేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

కొండ ఎక్కడానికీ, దిగడానికీ రెండిటికీ పనికొచ్చేది ఏ రకం సైకిల్?

ట్రైల్ బైక్. మౌంటెన్ బైక్ (ఎంటీబీ) అనే ఒకే బోర్డు కింద షాపుల్లో నాలుగు రకాల సైకిళ్లు ఉంటాయి. క్రాస్‌కంట్రీ సైకిల్‌కు సస్పెన్షన్ 100–120 మి.మీ. కదులుతుంది, ఈ కదలికనే ట్రావెల్ అంటారు. ఎక్కడంలో దానికి సాటి లేదు కానీ నిటారు దిగుడులో హ్యాండిల్ మీద నుంచి పడేస్తుందేమోనని భయపెడుతుంది. డౌన్‌హిల్ సైకిల్‌కు 200 మి.మీ. వరకు ఉంటుంది. దాన్ని జీపులోనో లిఫ్టులోనో పైకి చేర్చి దిగడానికే తయారు చేస్తారు, తొక్కుతూ ఎక్కడానికి కాదు. ఎండ్యూరో రకం 160–180 మి.మీ.తో దానికి కొంచెం ఇవతల ఉంటుంది. 120 నుంచి 150 మి.మీ. మధ్య ఉన్నవి ట్రైల్ బైకులు. ఈ పేజీ అంతా వాటి గురించే.

మన కొండలకు ఎంత ట్రావెల్ సరిపోతుంది?

ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్లు) 130–140 మి.మీ., వెనక 120–130. హైదరాబాద్ చుట్టుపక్కల రాతి గుట్టలైనా, వికారాబాద్ అనంతగిరి అయినా, అరకు వైపు కాఫీ తోటల మధ్య మట్టి దారులైనా ఇంతకు మించి అవసరమయ్యే చోటు తక్కువ. పైగా మన దగ్గర లిఫ్టులు లేవు, దిగిన ప్రతి మీటరూ ముందు కాళ్లతో ఎక్కిందే. 170 మి.మీ. సైకిల్ కొన్నవాళ్లు నాలుగు నిమిషాల దిగుడు కోసం నలభై నిమిషాలు అదనపు బరువు లాగుతారు.

అసలు ట్రావెల్ అంకె చూసి సైకిల్ ఎంచుకోవడమే సగం తప్పు. శాంటా క్రూజ్ టాల్‌బాయ్‌కి వెనక 120 మి.మీ. మాత్రమే, అయినా హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ నేలతో చేసే కోణం) 65.5 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి పదేళ్ల కిందటి 150 మి.మీ. సైకిల్ కంటే నిటారు దిగుడులో ధైర్యంగా ఉంటుంది. ఎక్కుడు సంగతి తేల్చేవి సీటు కోణం, చిన్న గేరు, వెనక టైరు. దిగుడు సంగతి తేల్చేవి హెడ్ యాంగిల్, ముందు టైరు, బ్రేకులు, సీటు కిందికి దిగుతుందా లేదా అన్నది. ట్రావెల్ వీటన్నిటి తర్వాతే.

హార్డ్‌టెయిల్ కొనాలా, ఫుల్ సస్పెన్షన్ కొనాలా?

ముందు మాత్రమే సస్పెన్షన్ ఉంటే హార్డ్‌టెయిల్, వెనక కూడా ఉంటే ఫుల్ సస్పెన్షన్. కొత్త సైకిల్‌కు లక్ష రూపాయల లోపు పెడుతుంటే హార్డ్‌టెయిల్, ఇంకో ఆలోచన వద్దు. ఆ ధరలో వెనక షాక్ పెట్టాలంటే కంపెనీ ఫోర్క్, బ్రేకులు, చక్రాలు అన్నిట్లో కోత పెట్టాలి. ఇరవై ముప్ఫై వేలకు దొరికే ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లలో వెనక ఉండేది డ్యాంపింగ్ (ఊపును అదుపు చేసే ఏర్పాటు) లేని ఉత్త స్ప్రింగు. అది తొక్కిన ప్రతిసారీ ఊగుతుంది, గుంతలో పడితే తిరిగి తన్నుతుంది. ఎక్కడానికీ పనికిరాదు, దిగడానికీ పనికిరాదు, పైగా పదహారు పదిహేడు కిలోలు.

హార్డ్‌టెయిల్ అంటే రేసు సైకిలే అనుకోనక్కర్లేదు. 130–140 మి.మీ. ఫోర్క్, వెడల్పు టైర్లు, 65–66 డిగ్రీల హెడ్ యాంగిల్‌తో ట్రైల్ హార్డ్‌టెయిళ్లు వస్తున్నాయి. ట్రెక్ రాస్కో ఆ రకమే. వీటికి వెనక పివట్లు (ఫ్రేము మడతపడే కీళ్లు), బేరింగులు, షాక్ ఉండవు కాబట్టి వానాకాలం తర్వాత సర్వీసు ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. మంచి షాక్ సర్వీసు చేసే మెకానిక్ మీ ఊళ్లో లేకపోతే ఇది చిన్న విషయం కాదు.

ఫుల్ సస్పెన్షన్ ఎక్కడ గెలుస్తుందంటే, రాళ్లున్న ఎక్కుడులో. ఈ మాట చాలామందికి వింతగా ఉంటుంది. రాయి తగిలినప్పుడు హార్డ్‌టెయిల్ వెనక చక్రం ఎగిరి పట్టు వదిలేస్తుంది. సస్పెన్షన్ ఉన్న చక్రం నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, మీరు కూర్చునే తొక్కుకుంటూ పోవచ్చు. నడుము నొప్పి ఉన్నవాళ్లు, మూడు గంటలకు మించి తొక్కేవాళ్లు దీనికోసమే డబ్బు పెడతారు. ఖర్చు రెండు లక్షలు దాటుతుందన్న లెక్కతోనే బయలుదేరండి.

జామెట్రీ పట్టికలో ముఖ్యంగా చూడాల్సిన అంకెలేవి?

మొదట సీటు ట్యూబ్ కోణం, ‘ఎఫెక్టివ్’ అని రాసినది. 75 నుంచి 77.5 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ కోణం పడుకునే కొద్దీ మీరు వెనక చక్రం మీదికి జరుగుతారు. 15 శాతం వాలులో ముందు చక్రం లేచిపోతుంది, సైకిల్ అటూ ఇటూ తిరుగుతుంది, దాన్ని ఆపడానికి మీరు సీటు కొసకు జరిగి కూర్చుని నడుము నొప్పి తెచ్చుకుంటారు. ఫుల్ సస్పెన్షన్‌లో ఇంకో చిక్కుంది. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి షాక్ కుంగుతుంది కాబట్టి, కాగితం మీద 76 ఉన్న కోణం వాలు మీద ఒకటి రెండు డిగ్రీలు తగ్గిపోతుంది. హార్డ్‌టెయిల్‌లో కుంగేది ముందు ఫోర్క్ మాత్రమే, అందుకే దానికి 74.5–75 ఉన్నా నడిచిపోతుంది.

పొడుగు మనుషులకు ఒక హెచ్చరిక. ఆ ఎఫెక్టివ్ కోణాన్ని కంపెనీ ఒక నిర్ణీత సీటు ఎత్తు దగ్గర కొలుస్తుంది. మీ సీటు అంతకంటే పైకి లేస్తే అది వెనక్కి కూడా జరుగుతుంది. ఆరడుగులు దాటినవాళ్లు ‘యాక్చువల్’ కోణం కూడా అడిగి తెలుసుకోవాలి.

రెండోది హెడ్ యాంగిల్. ట్రైల్ బైక్‌కు 64.5–66. అది తగ్గే కొద్దీ ముందు చక్రం ముందుకు జరిగి దిగుడులో నిలకడ వస్తుంది. కానీ నెమ్మదిగా ఎక్కేటప్పుడు హ్యాండిల్ పక్కకు వాలిపోతూ ఉంటుంది, మెలికల దారిలో సైకిల్ బద్ధకంగా తిరుగుతుంది. ట్రెక్ ఫ్యూయల్ ఈఎక్స్ ఐదో తరంలో 66 ఉన్న కోణం 2022లో వచ్చిన ఆరో తరంలో 64.5కి దిగింది, దాంతోపాటు ట్రావెల్ కూడా 130 నుంచి 140 అయింది. పేరు మారలేదు, సైకిల్ స్వభావం మారింది. పాత రివ్యూ చదివి కొత్త మోడల్ కొనకూడదనేది ఇందుకే. మా లెక్కలో మన దారులకు 65–66 చాలు.

మూడోది రీచ్, అంటే నిలబడి తొక్కేటప్పుడు పెడల్ ఇరుసు (ఫ్రేములో క్రాంకులు, అంటే పెడల్ చేతులు, తిరిగే ఇరుసు) నుంచి హ్యాండిల్ వైపు ఫ్రేము ఎంత పొడుగుందన్నది. దీని గురించి సైజు ప్రశ్నలో చెబుతాం.

చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు వరకు ఉండే ఫ్రేము భాగం) 430–445 మి.మీ. మధ్య ఉంటే గొడవ లేదు. పొట్టిగా ఉంటే ముందు చక్రం లేపడం సులువు, ఎక్కుడులో అదే చక్రం దానంతటదే లేవడమూ సులువే. పెడల్ ఇరుసు నేల నుంచి 335–345 మి.మీ. ఎత్తులో ఉంటుంది. గుట్టల్లో రాళ్ల మధ్య ఎక్కే వాళ్లకు 335 కంటే తక్కువైతే పెడల్ రాళ్లకు కొట్టుకుంటుంది. 170 బదులు 165 మి.మీ. క్రాంకు వేసుకుంటే ఆ బాధ కొంత తీరుతుంది.

ఉన్న సైకిల్‌కే పెద్ద ఫోర్క్ వేస్తే ట్రైల్ బైక్ అయిపోతుందా?

కొంతవరకే. 20 మి.మీ. పొడుగు ఫోర్క్ వేస్తే హెడ్ యాంగిల్ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. సీటు కోణం కూడా అంతే తగ్గుతుంది. దిగుడుకు లాభం, ఎక్కుడుకు నష్టం. ఫ్రేము తయారీదారు ఒప్పుకున్న గరిష్ఠ పొడుగు దాటితే హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ఫ్రేము ముందు గొట్టం) దగ్గర వెల్డింగ్ మీద అదనపు ఒత్తిడి పడుతుంది, వారంటీ పోతుంది. 100 మి.మీ.కు తయారైన ఫ్రేముకు 120 వరకు చాలామంది వేస్తారు, 140 మాత్రం వద్దు. ఇంకో అడ్డంకి ఏమిటంటే, చవక ఫ్రేముల్లో హెడ్ ట్యూబ్ నిటారు గొట్టం. ఇప్పటి మంచి ఫోర్కులన్నీ కింద లావు, పైన సన్నం ఉన్న టేపర్డ్ స్టీరర్ (ఫోర్క్ పై గొట్టం)తో వస్తాయి. అవి అందులో పట్టవు.

ఏ సైజు తీసుకోవాలి? నా ఎత్తు రెండు సైజుల మధ్య పడింది.

చిన్నప్పుడు నేర్పినట్టు టాప్ ట్యూబ్‌కు ఇరువైపులా కాళ్లు వేసి నిలబడి చూసుకోవడం ఇప్పుడు సరిపోదు. రీచ్ చూడండి. 165 సెం.మీ. ఎత్తుకు 430–450 మి.మీ., 175కు 450–475, 183కు 475–495 దగ్గర మొదలుపెట్టండి. మధ్యలో పడినవాళ్లు ఎక్కువగా మెలికల ఎక్కుళ్లు, నెమ్మది దారులు తొక్కితే చిన్నది, వేగంగా దిగడం ఇష్టమైతే పెద్దది తీసుకోవచ్చు. సందేహం మిగిలితే చిన్నదే మంచిది. పెద్ద ఫ్రేములో సీటు ట్యూబ్ కూడా పొడుగు కాబట్టి డ్రాపర్ పోస్టుకు (తొక్కుతూనే లీవర్‌తో దించి లేపే సీటు గొట్టానికి) చోటు తగ్గుతుంది. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) మాత్రం 35–50 మి.మీ. మధ్యే ఉండాలి. సైజు తప్పిన సైకిల్‌ను 80 మి.మీ. స్టెమ్ వేసి సరిచేస్తానంటే ఒప్పుకోకండి.

29 అంగుళాల చక్రమా, 27.5 ఆ?

29. రాళ్ల మీద దొర్లడం, ఎక్కుడులో పట్టు రెండూ దానికే ఎక్కువ. 160 సెం.మీ. లోపు ఎత్తున్నవాళ్లు నిటారుగా దిగేటప్పుడు వెనక టైరు తగులుతుందని ఇబ్బంది పడితే ముందు 29, వెనక 27.5 ఉన్న మల్లెట్ చూడొచ్చు. కానీ మామూలు 29 ఫ్రేములో ఊరికే వెనక చక్రం మార్చేస్తే కోణాలన్నీ పడిపోతాయి, పెడల్ కిందికి దిగుతుంది. అందుకు తయారైన ఫ్రేమైతేనే చేయాలి.

ఎక్కడానికి ఎంత చిన్న గేరు కావాలి?

చాలామంది సైకిల్ బరువు గురించి వాదించుకుంటారు కానీ ఎక్కుడులో దిగి నడిపించేది గేరు లేకపోవడమే. లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి, 15 కిలోల సైకిల్, 3 కిలోల నీళ్లు, సామాను కలిపి 88 కిలోలు. 12 శాతం వాలులో గంటకు 5 కి.మీ. వేగంతో వెళ్లాలంటే కేవలం ఎత్తు ఎక్కడానికే దాదాపు 140 వాట్లు కావాలి, మట్టి దారి రాపిడి అదనం. రోజూ తొక్కే మామూలు మనిషి గంటసేపు నిలబెట్టుకోగలిగిన శక్తికి ఇది దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు ముందు 32 పళ్ల చైన్‌రింగ్, వెనక పెద్దది 42 పళ్లు అనుకోండి. 29 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. ఆ 5 కి.మీ. వేగానికి నిమిషానికి 47 సార్లే తొక్కుతారు, మోకాళ్ల మీద భారం పడుతుంది. ముందు 30, వెనక 51 అయితే అదే వేగానికి 61 సార్లు. అదే శక్తి, కానీ చిన్న చిన్న తొక్కులుగా పంచుకుంటారు. వెనక చక్రం జారడం కూడా తగ్గుతుంది.

కాబట్టి ముందు ఒకే చైన్‌రింగ్, 30 పళ్లు, వెనక పెద్దది 48కి తగ్గకుండా చూసుకోండి. షిమానో డియోర్ 12 స్పీడ్‌లో 10–51 వస్తుంది. దానికి మైక్రోస్ప్లైన్ ఫ్రీహబ్ (వెనక హబ్‌లో క్యాసెట్, అంటే గేరు చక్రాల గుత్తి, కూర్చునే భాగం) కావాలి. స్రామ్ ఎస్‌ఎక్స్, ఎన్‌ఎక్స్ ఈగల్ 11–50 క్యాసెట్లు, షిమానో క్యూస్ 11–50, మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ 11–48 మాత్రం పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీదే పడతాయి. తర్వాత క్యాసెట్ మార్చాలనుకుంటే ఈ తేడా ముందే తెలుసుకోవాలి, లేకపోతే క్యాసెట్‌తో పాటు హబ్ కూడా కొనాల్సి వస్తుంది. వీటిలో నెమ్మదిగా అరిగేది క్యూస్, దుమ్ములో తొక్కేవాళ్లకు అది మంచి బేరం. మూడు చైన్‌రింగుల పాత పద్ధతిలో 22–34 కూడా చిన్న గేరే. కాకపోతే గతుకుల్లో చైన్ ఊడుతుంది, డ్రాపర్ లీవర్ ఉండాల్సిన చోట ఎడమ షిఫ్టర్ ఉంటుంది.

సైకిల్ బరువు ఎంత ముఖ్యం?

అనుకున్నంత కాదు. పై లెక్కలోనే రెండు కిలోలు తగ్గిస్తే 3 వాట్ల చిల్లర మిగులుతుంది, రెండు శాతం పైచిలుకు. గంట ఎక్కుడులో ఒక నిమిషం, నిమిషంన్నర. దానికోసం కార్బన్ ఫ్రేముకు లక్ష ఎక్కువ పెట్టేకంటే అల్యూమినియం ఫ్రేము తీసుకుని ఆ డబ్బు ఫోర్క్‌లో, చక్రాల్లో పెట్టండి. ట్రైల్ హార్డ్‌టెయిల్ 13–14.5 కిలోలు, అల్యూమినియం ఫుల్ సస్పెన్షన్ 14.5–16 కిలోలు ఉండటం మామూలే. బరువు తగ్గించాలని సన్నటి సైడ్‌వాల్ టైర్లు వేస్తే మాత్రం మొదటి రాయికే చిరుగుతాయి.

ఫోర్క్‌లో ఏం చూడాలి?

గాలి స్ప్రింగు, పనిచేసే రీబౌండ్ నాబ్ (కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగాన్ని మార్చేది), 15×110 మి.మీ. బూస్ట్ త్రూ యాక్సిల్ (హబ్ గుండా దూరి ఫోర్క్‌లో బిగుసుకునే ఇరుసు). ఈ మూడూ లేకపోతే ట్రైల్ ఫోర్క్ కాదు. చవక సైకిళ్లలో వచ్చే సన్‌టూర్ ఎక్స్‌సీటీ లాంటి కాయిల్ ఫోర్కుల్లో స్ప్రింగు ఒకే గట్టిదనం, 55 కిలోల వాళ్లకూ 90 కిలోల వాళ్లకూ అదే. రోడ్డు గుంతలకు బాగుంటాయి కానీ వరసగా రాళ్లు తగిలితే డ్యాంపింగ్ లేక పోగో స్టిక్‌లా ఎగురుతాయి.

లోపలి గొట్టం లావు కూడా చూడండి. 130–140 మి.మీ. ట్రావెల్‌కు 34 లేదా 35 మి.మీ. గొట్టం ఉంటే బ్రేకు పట్టినప్పుడు వెనక్కి వంగదు. ఫాక్స్ 34, మార్జోకీ బాంబర్ జెడ్2, రాక్‌షాక్స్ పైక్ ఈ తరగతివి. 85 కిలోలు దాటినవాళ్లు 36 మి.మీ. వైపు చూడటం తప్పు కాదు.

వెనక సస్పెన్షన్ తొక్కేటప్పుడు ఊగితే శక్తి వృథా కాదా?

మంచి డిజైన్‌లో పెద్దగా కాదు. చైన్ లాగే బలం షాక్‌ను కుంగనివ్వకుండా ఎదురు తోసేలా పివట్లను అమరుస్తారు. దాన్ని యాంటీ స్క్వాట్ అంటారు. సాగ్ (మీరు ఎక్కగానే మీ బరువుకు సస్పెన్షన్ కుంగే మేర) దగ్గర అది 100 శాతం చుట్టుపక్కల ఉంటే కూర్చుని తొక్కేటప్పుడు ఊపు తక్కువ. నాలుగు లింకుల హార్స్ట్, వీపీపీ, డీడబ్ల్యూ లింక్ అని పేర్లతో వాదించుకునేకన్నా సైకిల్‌ను వాలు మీద తొక్కి చూడటం మంచిది. ఒకే పేరున్న రెండు డిజైన్లు వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. షాక్ మీద ఎక్కుడు లీవర్ ఉంటే ఘాట్ రోడ్డు మీద వేసుకోండి, రాళ్ల ఎక్కుడులో తీసేయండి. లాక్ చేస్తే పట్టు పోతుంది.

మన నేలకు ఏ టైర్లు, ఎంత గాలి?

సైకిల్ స్వభావాన్ని తక్కువ ఖర్చుతో ఎక్కువగా మార్చేది టైరే. అందులోనూ ముందు వెనక ఒకే టైరు వేయకూడదు. ముందు చక్రం జారితే పడతారు, వెనకది జారితే సర్దుకుంటారు. కాబట్టి ముందు పెద్ద గుబ్బలు, మెత్తటి రబ్బరు, 2.4–2.5 వెడల్పు, వెనక కొంచెం చిన్న గుబ్బలు, గట్టి రబ్బరు, 2.3–2.4. మాక్సిస్‌లో ముందు మినియన్ డీహెచ్‌ఎఫ్ లేదా అసెగాయ్, వెనక డిసెక్టర్ లేదా మినియన్ డీహెచ్‌ఆర్ 2 అనేది ఎక్కువమంది స్థిరపడే జోడీ. రేసు టైర్లతో వచ్చిన సైకిల్‌కు ముందు టైరు ఒక్కటి మార్చినా దిగుడులో తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

హైదరాబాద్ గ్రానైట్ బండ ఎండలో గరుకు కాగితంలా పట్టిస్తుంది. దాని మీద రాలిన ముతక ఇసుక మాత్రం ప్రమాదం. అక్కడ గుబ్బల కంటే మెత్తటి రబ్బరు, తక్కువ గాలి పనిచేస్తాయి. మొరం దారుల్లో గట్టి నేల మీద వదులు రాళ్లుంటాయి, పక్క గుబ్బలు బలంగా ఉన్న టైరు కావాలి. తూర్పు కనుమల ఎర్రమట్టి తడిస్తే నున్నగా జారుతుంది. నల్లరేగడిలో వాన పడ్డాక ఏ టైరూ పనికిరాదు. మట్టి ఫోర్క్ సందులోనూ చైన్‌స్టే మధ్యలోనూ నిండి చక్రం తిరగదు, బలవంతంగా తొక్కితే డీరేలర్ హ్యాంగర్ (గేరు మార్చే డీరేలర్‌ను ఫ్రేముకు తగిలించే ముక్క) విరుగుతుంది. ఆ రోజు ఇంట్లో ఉండటం మేలు.

ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ చేయించండి. మన దారుల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఉన్నచోట ట్యూబుతో తొక్కడమంటే పంక్చర్ కిట్టు మోయడమే. వాన వెలిసి నేల ఎండాక పల్లేరు బాధ మరీ ఎక్కువ. 29×2.4 టైరుకు 100–120 మి.లీ. సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోయాలి. మన ఎండకు అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. వాల్వ్ కోర్ తీసి ఒక సన్న పుల్ల దించి చూస్తే తడి ఉందో లేదో తెలుస్తుంది. గుచ్చుకున్న ముల్లును దారిలో లాగొద్దు. లాగాల్సి వస్తే వెంటనే ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి సీలెంట్ చేరనివ్వాలి.

70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్ 2.4 టైరులో ముందు 20–22, వెనక 23–26 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. ప్రతి 10 కిలోల తేడాకు ఒకటి రెండు పీఎస్‌ఐ మార్చండి. ట్యూబు ఉంటే ఐదారు ఎక్కువ పెట్టాలి, లేదంటే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. పెట్రోలు బంకు గేజీని నమ్మకండి, అది కార్లకు తయారైంది. రెండు పీఎస్‌ఐ తేడా చూపే చిన్న డిజిటల్ గేజీ కొనుక్కోండి. రిమ్ లోపలి వెడల్పు 28–30 మి.మీ. ఉంటేనే ఇంత తక్కువ గాలిలో టైరు పక్కకు ఒరగకుండా నిలబడుతుంది.

డ్రాపర్ పోస్ట్ తప్పనిసరా?

తప్పనిసరి. ఎక్కడానికి సీటు పైకి ఉండాలి, దిగడానికి కిందికి పోవాలి. ఈ రెండూ ఒకే సైకిల్‌లో బొటనవేలితో జరిగేలా చేసే భాగం ఇదొక్కటే. లేకుండా వచ్చిన సైకిల్ కొంటుంటే ఫ్రేములో లోపలి కేబుల్ రంధ్రం ఉందా, సీటు ట్యూబ్ లోపలి వ్యాసం 30.9 లేక 31.6 మి.మీ. ఉందా చూసుకోండి. 27.2 అయితే దొరికే డ్రాపర్లు చాలా తక్కువ.

ఎంత డ్రాప్ పడుతుందో ఇలా కొలవండి. పెడల్ ఇరుసు నుంచి సీటు పైభాగం వరకు మీ ఎత్తు 690 మి.మీ., ఫ్రేము సీటు ట్యూబ్ 420 అనుకుందాం. తేడా 270. అందులో సీటు మందానికి 50, పోస్టు తల, కాలర్‌కు 40 తీసేస్తే 180 మిగులుతుంది. 170 మి.మీ. డ్రాపర్ పడుతుంది. అయితే పోస్టు కింది భాగం లోపల వంపు దగ్గర ఆగిపోకుండా ఎంత లోతు దిగుతుందో కూడా కొలవాలి. ఇది మర్చిపోయి 200 తెప్పించుకున్నవాళ్ల సీటు ఎప్పుడూ కావాల్సినదానికంటే ఎత్తులోనే ఉండిపోతుంది.

బ్రేకులు ఎలాంటివి కావాలి?

హైడ్రాలిక్ డిస్కులు, ముందు కనీసం 180 మి.మీ. రోటర్ (బ్రేకు పట్టే డిస్కు). 80 కిలోలు దాటినా, ఘాట్లు దిగినా ముందు నాలుగు పిస్టన్ల కాలిపర్, 200 లేదా 203 రోటర్ పెట్టుకోండి. ఫోర్క్ ఎంత పెద్ద రోటర్‌ను ఒప్పుకుంటుందో దాని మాన్యువల్‌లో ఉంటుంది. రెసిన్ ప్యాడ్లు చప్పుడు చేయవు కానీ పొడుగు దిగుడులో వేడెక్కి పట్టు తగ్గుతాయి, వాననీటి బురదలో త్వరగా అరుగుతాయి. మెటల్ ప్యాడ్లు దానికి మందు. అయితే చవక షిమానో రోటర్ల మీద రెసిన్ ప్యాడ్లకే అని రాసి ఉంటుంది. వాటిమీద మెటల్ ప్యాడ్లు వేస్తే రోటర్‌ను తినేస్తాయి.

కొత్త ప్యాడ్లు వేశాక గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి ఇరవై సార్లు, చక్రం బిగుసుకోకుండా, పూర్తిగా ఆగకుండా బ్రేకు పట్టాలి. ఇది చేయకపోతే కీచుమనే చప్పుడు జీవితాంతం వదలదు. డిస్కు మీద చైన్ ఆయిల్ స్ప్రే పడినా అంతే, ప్యాడ్లు మార్చడమే.

ఫ్లూయిడ్ విషయంలో జాగ్రత్త. షిమానోకు మినరల్ ఆయిల్, స్రామ్ పాత బ్రేకులన్నిటికీ డాట్ ఫ్లూయిడ్. డీబీ8, మావెన్ లాంటి కొత్తవాటికి మినరల్. ఒకదానిలో మరొకటి పోస్తే సీళ్లు ఉబ్బి మొత్తం బ్రేకు పోతుంది. మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గర బ్రేక్ ఆయిల్ ఉంది కదా అని పోయించకండి.

కొన్నాక సస్పెన్షన్ ఎలా సెట్ చేయాలి?

హెల్మెట్, బూట్లు, నిండా నీళ్లున్న బ్యాగుతో ఎక్కండి. షాక్ పంపు ఒకటి సొంతంగా ఉండాలి. రీబౌండ్, కంప్రెషన్ నాబులు పూర్తిగా తెరిచి, గోడకు ఒక చేయి ఆనించి పెడల్స్ మీద నిలబడి, రెండు మూడు సార్లు ఊగి ఆగండి. రబ్బరు రింగును సీలు వరకు తోసి, ఊగకుండా దిగండి. ఫోర్క్‌లో రింగు కదిలిన దూరం ట్రావెల్‌లో 15–20 శాతం ఉండాలి. 140 మి.మీ. ఫోర్క్‌కు 20 శాతమంటే 28 మి.మీ. వెనక షాక్‌ను కూర్చుని కొలుస్తారు. 50 మి.మీ. స్ట్రోకులో (షాక్ గొట్టం కుంగే మొత్తం దూరంలో) 30 శాతం అంటే 15 మి.మీ. ఇక్కడ చాలామంది చక్రం ట్రావెల్‌తో లెక్కేసి తప్పు చేస్తారు. వెనక శాతం లెక్కేయాల్సింది షాక్ గొట్టం స్ట్రోకుకు.

ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంటే వెనక గాలి 5 పీఎస్‌ఐ పెంచి సాగ్‌ను 27 శాతానికి తీసుకురండి, సీటును పట్టాల మీద ఒక సెంటీమీటరు ముందుకు జరపండి. సగం ఫిర్యాదులు దీంతో పోతాయి. దిగుడులో వరస గతుకుల్లో హ్యాండిల్ కిందికి కుంగిపోతూ చేతులు నొప్పి పుడితే రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉన్నట్టు, రెండు క్లిక్కులు తెరవండి.

టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి?

షాపు ముందు తారురోడ్డు మీద నాలుగు చక్కర్లు ఏమీ చెప్పవు. ఫ్లైఓవర్ ర్యాంపో, పార్కింగ్ సెల్లారో, ఏదో ఒక వాలు వెతకండి. అన్నిటికన్నా చిన్న గేరులో కూర్చుని ఎక్కుతూ ఒక చేయి వదిలి చూడండి. ముందు చక్రం తిన్నగా పోతే సీటు కోణం మీకు సరిపోయినట్టు. తర్వాత సీటు దించి మెట్లు నాలుగైదు దిగండి. చేతులు చాచి వెనక్కి వేలాడాల్సి వస్తే రీచ్ పొడుగు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనొచ్చా?

కొనొచ్చు, ఫుల్ సస్పెన్షన్ కావాలనుకునే చాలామందికి అదే దారి. ఫోర్క్ గొట్టాల మీద గోరుతో గీస్తే తగిలే గీత ఉంటే వద్దు, ఆయిల్ కారుతూనే ఉంటుంది, గొట్టం మార్చడానికి కొత్త ఫోర్క్‌లో సగం ఖర్చు. సీటు పట్టుకుని సైకిల్‌ను మెల్లగా పైకెత్తండి. చక్రం లేచేముందు టక్కుమంటే పివట్ బేరింగులో, షాక్ బుష్‌లో వదులుంది. హెడ్ ట్యూబ్ వెనక, సీటు ట్యూబ్ కలిసేచోట, చైన్‌స్టే వంపులో గీతలు పగుళ్లా పెయింటు గీతలా అని టార్చి వేసి చూడాలి. చైన్ సాగుదల గేజీతో 0.5 దాటితే 12 స్పీడ్ క్యాసెట్ కూడా పోయిందనుకుని బేరమాడండి. అమ్మేవారి దగ్గర బిల్లు, ఫ్రేము నంబరు అడగండి. డీరేలర్ హ్యాంగర్ యూడీహెచ్ (చాలా కంపెనీలు వాడే ఒకే నమూనా) రకమైతే విడి భాగం ఎక్కడైనా దొరుకుతుంది. కానట్టయితే కొన్నరోజే రెండు తెప్పించి పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న మావాళ్లు తెస్తామంటున్నారు. లాభమేనా?

ధరలో ఒక్కోసారి లాభం ఉంటుంది. వారంటీ చాలా కంపెనీలు కొన్న దేశంలోనే చూస్తాయి, అది వదులుకోవాలి. ముందు బ్రేకు అక్కడ ఎడమ చేతికి, మన దగ్గర కుడి చేతికి వస్తుంది. మోటార్‌సైకిల్ అలవాటున్నవాళ్లు మార్పించకుండా దిగుడుకు పోకూడదు. ప్యాక్ చేసేటప్పుడు రోటర్లు, పెడల్స్, డీరేలర్ విప్పి, ఫోర్క్ కాళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టించాలి. బ్రేకు ప్యాడ్ల మధ్య కూడా ఒక అట్టముక్క ఉండాలి, లేకపోతే దారిలో ఎవరైనా లీవర్ నొక్కితే పిస్టన్లు బయటికొచ్చి అతుక్కుంటాయి. వైర్‌లెస్ గేర్ల బ్యాటరీలు చేతి సంచిలో తేవాలి. కస్టమ్స్ సుంకం కలిపి చూసుకున్నాకే లాభమో కాదో తేల్చుకోండి.

అడవిలో తొక్కడానికి అనుమతి కావాలా?

రిజర్వ్ ఫారెస్టులో దారి కనబడినంత మాత్రాన తొక్కొచ్చని కాదు, అటవీ శాఖను అడగాలి. అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో రోడ్డు దిగి లోపలికి పోకండి. అనంతగిరి పేరుతో వికారాబాద్ దగ్గర ఒకటి, అరకు దారిలో ఒకటి ఉన్నాయి. స్థానికులను దారి అడిగేటప్పుడు, మ్యాపు దించుకునేటప్పుడు ఏదో చూసుకోండి.

ఏడాదికి సర్వీసు ఏమేం ఉంటుంది?

ఫోర్క్ కింది కాళ్ల ఆయిల్ 50 గంటలకోసారి మార్చమని రాక్‌షాక్స్ చెబుతుంది. లోపలి డ్యాంపర్ సర్వీసు 200 గంటలకు. వారాంతాల్లో మాత్రమే తొక్కేవాళ్లకు మొదటిది ఏడాదికి రెండుసార్లు పడుతుంది. మన దుమ్ముకు ఆ గడువు దాటనివ్వకండి, సీలు కింద నూనె ఎండిపోయి దుమ్ము గొట్టాలను గీస్తుంది. వానాకాలం అయ్యాక పివట్లు, హెడ్‌సెట్ విప్పించి గ్రీజు పెట్టించాలి. ప్రెషర్ వాషర్‌తో బేరింగుల మీద కొట్టే సర్వీసు సెంటర్‌కు సైకిల్ ఇవ్వొద్దు, ఆ నీళ్లు గ్రీజును లోపల్నుంచి కడిగేస్తాయి. బకెట్టు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.